ఆఖరి జీతానికి గడువు రెండు పనిదినాలు, 45 రోజులు కాదు

సంపాదకులకు నమస్కారం.

"మీ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (రావలసిన బాకీల తుది లెక్క) ఆఖరి పనిదినం నుంచి 45 రోజుల్లో పూర్తవుతుంది." హైదరాబాద్ ఐటీ కంపెనీ అయినా, విజయవాడ ప్రైవేటు కాలేజీ అయినా, విశాఖ ఆసుపత్రి అయినా, ఉద్యోగం మానేసినవాళ్లకు వచ్చే మెయిల్‌లో ఈ వాక్యం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. అదేదో చట్టం పెట్టిన గడువనుకుని చాలామంది ఊరుకుంటారు. 45 రోజులన్న మాట ఏ వేతన చట్టంలోనూ లేదు. చట్టంలో ఉన్నది రెండు పనిదినాలు. పేరోల్ లెక్కలు, కార్మిక చట్టాల వ్యవహారాలు చూసేవాళ్లుగా ఈ విషయం మీ పాఠకుల ముందుంచడానికి రాస్తున్నాం.

పాత వేతన చట్టాలను కలిపి తెచ్చిన వేతనాల కోడ్‌ను పార్లమెంటు 2019లో ఆమోదించింది. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. అందులో 17వ సెక్షన్, రెండో ఉపసెక్షన్ చూడండి. ఉద్యోగిని తొలగించినా, సిబ్బంది తగ్గింపులో తీసేసినా (రిట్రెంచ్), సంస్థ మూతపడినా, ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేసినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లోగా చెల్లించాలి. ఈ నాలుగింటిలో 'రాజీనామా' అన్న మాటే కొత్తది. పాత 1936 వేతన చెల్లింపు చట్టంలో రెండు రోజుల నియమం ఉన్నా, అది యజమాని తీసేసినప్పుడే వర్తించేది. పైగా నెలకు 24,000 రూపాయలు దాటి జీతం ఉన్నవాళ్లు ఆ చట్టం పరిధిలోకే వచ్చేవారు కాదు. స్వచ్ఛందంగా మానేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకో, బ్రాంచి మేనేజరుకో అందులో చోటే ఉండేది కాదు. 45 రోజులు, 60 రోజులు అన్న అలవాట్లు వేళ్లూనుకున్నది ఆ ఖాళీలోనే. ఇప్పుడు ఆ ఖాళీ లేదు. కోడ్‌లో ఉద్యోగి అన్న మాటకు సూపర్‌వైజర్లు, మేనేజర్లు, అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసేవాళ్లు కూడా వస్తారు. ఈ నియమానికి జీతం పరిమితి లేదు.

రెండు రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలని అడుగుతుంటారు. రాజీనామా పత్రం ఇచ్చిన రోజు నుంచా, విధుల్లోంచి రిలీవ్ అయిన రోజు నుంచా? నోటీసు కాలంలో ఉద్యోగి ఇంకా జీతం మీదే ఉంటాడు కాబట్టి, ఆఖరి పనిదినం నుంచి లెక్కపెట్టడమే సబబు. శుక్రవారం ఆఖరి రోజై, సంస్థకు శని, ఆదివారాలు సెలవైతే, మంగళవారం సాయంత్రానికి డబ్బు ఖాతాలో పడాలి.

అయితే సెటిల్‌మెంట్‌లో వచ్చే ప్రతి పద్దుకూ ఇదే గడువు అనుకోవద్దు. ఇక్కడే చాలామంది తడబడతారు. పనిచేసిన రోజుల జీతానికి రెండు పనిదినాలు. గ్రాట్యుటీకి (సర్వీసు ఏళ్లను బట్టి ఇచ్చే సొమ్ము) 30 రోజులు, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. చట్టబద్ధమైన బోనస్ లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లోగా ఇవ్వొచ్చు. ఆ సంవత్సరంలో 30 రోజులు పనిచేసిన అర్హులకు, మధ్యలో మానేశారన్న కారణంతో దాన్ని ఎగ్గొట్టడానికి వీల్లేదు. వేరియబుల్ పే, పెర్ఫార్మెన్స్ బోనస్ లాంటివి ఆఫర్ లెటర్లోని షరతులను బట్టి ఉంటాయి. 'చెల్లించే తేదీన ఉద్యోగంలో ఉండాలి' అన్న వాక్యం ఉందేమో రాజీనామాకు ముందే చూసుకోవాలి. వాడుకోని లీవు సొమ్ముకు ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో రెండు పనిదినాల నియమం పాత ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్‌లో దశాబ్దాలుగా ఉండేది. పీఎఫ్ అయితే కంపెనీ దగ్గర ఉండేదే కాదు, దాన్ని 'ఆపుతాం' అనే అధికారం ఏ హెచ్‌ఆర్‌కూ లేదు.

ఇంతకీ ఆలస్యం ఎందుకవుతోంది? చాలా సంస్థల్లో రాజీనామా సిస్టంలో ఎక్కించగానే ఆ ఉద్యోగి పేరు మీద 'హోల్డ్' పడిపోతుంది. 60 రోజుల నోటీసు ఇచ్చినవాళ్లకు మొదటి నెల జీతం కూడా ఆగిపోతుంది. ఇది రెండు రోజుల నియమం దాకా కూడా వెళ్లనక్కర్లేని తప్పు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నెలజీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు పడాలి. నోటీసు కాలం ఉద్యోగ కాలమే. కాబట్టి ఆ నెలల జీతం సెటిల్‌మెంట్‌లో కలిపేయడానికి లేదు.

తర్వాతది క్లియరెన్స్. ల్యాప్‌టాప్ ఐటీ వాళ్లకు, ఐడీ కార్డు అడ్మిన్‌కు, అడ్వాన్సుల లెక్క ఫైనాన్స్‌కు, లీవుల ఆమోదం మేనేజర్‌కు. నాలుగైదు చోట్ల టిక్కులు పడితే తప్ప పేరోల్ లెక్క మొదలుపెట్టదు. ఈ పని మొత్తం ఆఖరి రోజు తర్వాత మొదలుపెట్టడమే అసలు జబ్బు. నోటీసు కాలం 30, 60, 90 రోజులు ఉంటోంది. అడ్వాన్సుల బాకీ ఎంతో, లీవులెన్నో, జాయినింగ్ బోనస్ వెనక్కి రావాలో వద్దో రాజీనామా ఆమోదించిన వారంలోనే తేల్చొచ్చు. పన్ను లెక్క కూడా అప్పుడే వేయొచ్చు. ఆఖరి రోజుకు మిగిలేది ల్యాప్‌టాప్ అందుకుని సీరియల్ నంబరు సరిచూసుకోవడం ఒక్కటే. అది పది నిమిషాల పని.

పేరోల్ ఇన్‌పుట్‌లు నెల ఇరవై తర్వాత మూసేస్తాం, మధ్యలో చెల్లింపు కుదరదు అనేది ఇంకో సమాధానం. బ్యాంకుల మధ్య సొమ్ము పంపే నెఫ్ట్ వ్యవస్థ 2019 డిసెంబర్ నుంచి రోజంతా, సెలవుల్లో కూడా పనిచేస్తోంది. విడిగా ఒక చెల్లింపు చేయడం ఏ పేరోల్ సాఫ్ట్‌వేర్‌కూ భారం కాదు. జీతం తప్పుగా తక్కువ పడిన డైరెక్టరుకు అదే రోజు తేడా సర్దగలిగినప్పుడు, మానేసిన ఉద్యోగికీ సర్దొచ్చు.

ఇక లెక్కల్లో ఎక్కడ దెబ్బ తగులుతుందో ఒక ఉదాహరణ వేసి చూపిస్తాం. నెలకు గ్రాస్ (కోతలకు ముందు మొత్తం జీతం) 52,000, అందులో బేసిక్ (మూల వేతనం) 18,000, మిగతా 34,000 అలవెన్సులు. ఆఖరి పనిదినం జూన్ 18. లీవులు 22 మిగిలాయి. 60 రోజుల నోటీసులో 45 రోజులే చేశారు, 15 రోజులు తక్కువ. కంపెనీ లెక్క ఇలా ఉంటుంది. పద్దెనిమిది రోజుల జీతం 31,200. లీవులు బేసిక్ మీద, రోజుకు 600 చొప్పున 13,200. నోటీసు కోత మాత్రం గ్రాస్ మీద, రోజుకు 1,733 చొప్పున 26,000. చేతికొచ్చేది, పీఎఫ్, పన్ను కోతలకు ముందు, 18,400.

ఒకే మనిషి, ఒకే రోజు. ఇచ్చేటప్పుడు ఆ రోజు విలువ 600, పుచ్చుకునేటప్పుడు 1,733. నోటీసు కోత కూడా బేసిక్ మీదే వేస్తే 9,000 అవుతుంది, చేతికి 35,400 వస్తుంది. తేడా 17,000 రూపాయలు. అందుకే సెటిల్‌మెంట్ షీటు చేతికి రాగానే చివర ఉన్న మొత్తం చూసి సరిపెట్టుకోకుండా, ప్రతి పద్దుకూ 'దేని మీద లెక్క, ఎన్ని రోజులతో భాగహారం' అని రాతపూర్వకంగా అడగాలి. అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు కోత గ్రాస్ మీద అని స్పష్టంగా లేకపోతే, ఆ లెక్కను ఒప్పుకోనక్కర్లేదు.

నోటీసు కోత గురించి ఇంకో మాట. జీతంలోంచి ఏమేం కోయవచ్చో వేతనాల కోడ్ 18వ సెక్షన్ ఒక జాబితా ఇచ్చింది. జరిమానా, గైర్హాజరు, అప్పగించిన వస్తువుకు ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం, అడ్వాన్సులు, అప్పులు, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఇలా. నోటీసు తక్కువ చేసినందుకు కోత అన్న పద్దు పేరుపెట్టి అందులో లేదు. ఒప్పందం ప్రకారం రావలసింది ఉందని సంస్థ విడిగా అడగొచ్చు. కానీ ఆ పేరుతో, చేసిన పనికి వచ్చిన జీతాన్ని నేరుగా మింగేయవచ్చా అన్నది కార్మిక శాఖ అధికారి ముందు గట్టిగా లేవనెత్తాల్సిన ప్రశ్న. ఒక వేతన కాలంలో మొత్తం కోతలు వేతనంలో సగం మించకూడదన్న పరిమితి కూడా అదే సెక్షన్‌లో ఉంది. 'మీకు రావలసింది ఏమీ లేదు, మీరే మాకు 14,000 కట్టాలి' అని మైనస్ గుర్తుతో వచ్చే సెటిల్‌మెంట్ షీట్లు చూసి భయపడేవాళ్లు ఈ పరిమితిని గుర్తుపెట్టుకోవాలి.

నోటీసు కోత మీద 18 శాతం జీఎస్టీ కలిపి వసూలు చేసే సంస్థలూ ఉండేవి. అలా వేయకూడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో తేల్చి చెప్పింది. ఇప్పటికీ ఎవరి షీటులోనైనా ఆ గీత కనిపిస్తే ఆ సర్క్యులర్ నంబరు రాసి పంపితే చాలు. ఇక మేనేజరే 'ముందుగా వెళ్లిపోండి, ఇక్కడ పనేమీ లేదు' అని పంపేస్తే ఆ రోజులకు కోత ఉండకూడదు. అయితే ఆ మాట నోటితో అంటారు, రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అదే సాయంత్రం, 'మీరు చెప్పినట్టు జూన్ 18న రిలీవ్ అవుతున్నాను, నోటీసు కోత ఉండదని అర్థం చేసుకున్నాను' అని ఒక మెయిల్ పంపుకోవాలి.

నష్టం పేరుతో కోత కోయాలంటే ముందు ఉద్యోగిని సంజాయిషీ అడగాలి, కోత అసలు నష్టాన్ని మించకూడదు. ఐదేళ్ల పాత ల్యాప్‌టాప్ మీద గీత పడిందని కొత్తదాని ధర కోయడం ఈ నియమానికి విరుద్ధం. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు, సీరియల్ నంబరు ఫోటో, ఆన్ చేసి స్క్రీన్ పనిచేస్తున్నట్టు చిన్న వీడియో తీసిపెట్టుకోవాలి. ఛార్జరును కూడా రసీదులో రాయించుకోవాలి. ఛార్జరు రాలేదన్న ఒక్క మాట మీద మొత్తం సెటిల్‌మెంట్ ఆగిన సందర్భాలు అరుదు కాదు.

గ్రాట్యుటీ దగ్గర 'వేతనం' అన్న మాటకు వచ్చిన కొత్త నిర్వచనం వల్ల పెద్ద తేడా వస్తోంది, అది చాలామంది గమనించడం లేదు. అలవెన్సులు మొత్తం ఆదాయంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. పై ఉదాహరణలో 34,000 అలవెన్సులు సగమైన 26,000ను 8,000 మించాయి. ఆ 8,000 బేసిక్‌కు కలిపితే వేతనం 26,000 అవుతుంది. ఈ ఉద్యోగి ఆరేళ్ల ఏడు నెలలు పనిచేస్తే, ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకుని ఏడేళ్లుగా లెక్కించాలి. వేతనాన్ని 26తో భాగించి, 15 రోజులతో, ఏడేళ్లతో గుణిస్తే 1,05,000. పాత పద్ధతిలో బేసిక్ మీదే వేస్తే 72,692. కొత్త నిర్వచనం 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది కాబట్టి, ఆ తర్వాత మానేసినవాళ్లు తమ షీటులో ఏ మొత్తాన్ని వేతనంగా తీసుకున్నారో తప్పనిసరిగా చూసుకోవాలి. ఐదేళ్ల సర్వీసు ఉండాలన్నది సాధారణ నియమం. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసినవాళ్లకు ఒక ఏడాది చాలు. వర్కింగ్ జర్నలిస్టులకు మూడేళ్లు చాలు, మీ కార్యాలయంలో ఉన్నవాళ్లకూ ఇది ఉపయోగపడే మాటే. రాజీనామా చేసినంత మాత్రాన గ్రాట్యుటీ పోదు.

రాజీనామా చేయబోయేవాళ్లు ముందుగా చేయాల్సిన పనులున్నాయి. ఆఖరి రోజు సాయంత్రం ఆఫీసు మెయిల్, హెచ్‌ఆర్ పోర్టల్ రెండూ మూతపడతాయి. ఆ తర్వాత మన రాజీనామా మెయిల్ కూడా మనకు కనిపించదు. కాబట్టి రాజీనామా పంపేటప్పుడే సొంత మెయిల్‌కు కాపీ పెట్టుకోవాలి. ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, కనీసం 12 నెలల పే స్లిప్పులు, ఫారం 16లు (కంపెనీ ఇచ్చే పన్ను కోత పత్రాలు) దింపుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం లీవ్ బ్యాలెన్సు పేజీ స్క్రీన్‌షాట్, తేదీ కనిపించేలా. తగాదాల్లో ఎక్కువగా దొరకని కాగితం ఇదే. పోర్టల్ మూతపడ్డాక 22 లీవులు 9 అయినా అడగడానికి ఆధారం ఉండదు. అయితే క్లయింటు ఫైళ్లు, సాఫ్ట్‌వేర్ కోడ్, ధరల పట్టికలు మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. మీకు సంబంధించిన కాగితాలు వేరు, సంస్థవి వేరు. ఆ గీత దాటితే బాకీ అడిగే మనిషి కాస్తా సంజాయిషీ ఇచ్చుకునే మనిషవుతాడు.

పన్ను మినహాయింపుల రుజువులు కూడా ఆఖరి రోజుకు ముందే ఇవ్వాలి. ఇంటి అద్దె రసీదులు, బీమా ప్రీమియం కాగితాలు ఇవ్వకపోతే, పేరోల్ ఆ మినహాయింపులన్నీ తీసేసి ఏడాది పన్ను మొత్తం ఆఖరి జీతంలోనే కోసేస్తుంది. అది రిటర్న్‌లో తిరిగొస్తుంది గానీ అందాకా ఆగాలి. రిటైరైనప్పుడే కాదు, రాజీనామా చేసినప్పుడు వచ్చే లీవు సొమ్ముకు కూడా ప్రైవేటు ఉద్యోగులకు జీవితకాలంలో 25 లక్షల వరకు, నిర్ణీత లెక్క ప్రకారం, పన్ను మినహాయింపు ఉంది. దాన్ని వర్తింపజేయకుండా మొత్తానికీ పన్ను కోసిన షీట్లు కనిపిస్తుంటాయి.

ఆఖరి రోజున పంపే ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు. ఇలా రాస్తే సరిపోతుంది: "నేను మే 5న రాజీనామా చేశాను. జూన్ 18 నా ఆఖరి పనిదినం. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఈ రోజు అప్పగించి రసీదు తీసుకున్నాను. జూన్ 1 నుంచి 18 వరకు జీతం, 22 రోజుల ఎర్న్‌డ్ లీవు సొమ్ము, మే నెల ప్రయాణ బిల్లు 3,460 రూపాయలు నాకు రావాలి. వేతనాల కోడ్ 2019, 17వ సెక్షన్, రెండో ఉపసెక్షన్ ప్రకారం రెండు పనిదినాల్లోగా జీతం, దానితో పాటే మిగతా పద్దులు నా ఖాతాలో జమ చేయగలరు. ఏ పద్దు మీదైనా అభ్యంతరం ఉంటే ఆ పద్దు, మొత్తం, కారణం రాసి తెలిపి, మిగతాది ఆపకుండా చెల్లించగలరు." ఈ చివరి వాక్యం వదిలేయొద్దు. తగాదా ఉన్న 9,000 కోసం తగాదా లేని 31,000 ఆపేయడమే ఎక్కువచోట్ల జరుగుతున్నది.

డబ్బు రాకముందే 'నాకు ఇక ఎలాంటి బాకీ లేదు' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. సంతకం పెట్టక తప్పని పరిస్థితి అయితే, కింద 'సొమ్ము ఖాతాలో జమ అయ్యాకే ఇది వర్తిస్తుంది' అని చేతిరాతతో రాసి, ఫోటో తీసుకోవాలి. కోడ్ కింద రావలసిన సొమ్మును వదులుకున్నట్టు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 60వ సెక్షన్ చెబుతోంది. అందుకని ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు దారి మూసుకుపోయిందని అనుకోనక్కర్లేదు.

పీఎఫ్ విషయంలో ఎదురయ్యే చిక్కు వేరు. పాత సంస్థ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే ట్రాన్స్‌ఫర్ గానీ, క్లెయిమ్ గానీ ముందుకు కదలదు. ఆఖరి చందా నెల తర్వాత రెండు నెలలు గడిస్తే, పీఎఫ్ ఖాతాల యూఏఎన్ పోర్టల్‌లో 'మ్యానేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్' తెరిచి, ఆధార్ ఓటీపీతో ఆ తేదీ ఉద్యోగే నమోదు చేసుకోవచ్చు. తేదీ జాగ్రత్తగా వేయాలి. కొత్త కంపెనీలో చేరిన తేదీకీ, పాత కంపెనీ నిష్క్రమణ తేదీకీ ఒక్క రోజు అతివ్యాప్తి వచ్చినా క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు.

గడువు దాటితే ఏం చేయాలి? ముందు సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో డిమాండ్ ఉత్తరం పంపి, డెలివరీ రుజువు ఉంచుకోవాలి. బ్రాంచికి పంపితే 'మాకు అందలేదు' అంటారు. తర్వాత కార్మిక శాఖ. బ్యాంకులు, బీమా, టెలికాం, రైల్వే, విమానయానం, గనులు, పెద్ద ఓడరేవులు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, వాటికి పనిచేసే కాంట్రాక్టర్లు అయితే కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగం చూస్తుంది, 'సమాధాన్' పోర్టల్‌లో నమోదు చేయొచ్చు. అంటే బ్యాంకు ఏటీఎం దగ్గర కాపలా కాసే గార్డు కూడా అటే వెళ్లాలి. ఐటీ కంపెనీలు, ప్రైవేటు ఆసుపత్రులు, దుకాణాలు, హోటళ్లు రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ నెలల తరబడి టేబుల్ మీదే ఉండిపోతుంది, కాబట్టి ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. ఉద్యోగి స్వయంగా వేయొచ్చు, సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు. అధికారి మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని 45వ సెక్షన్ చెబుతోంది. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆయనకుంది. ఆదేశించినా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయిస్తారు. అన్నింటికంటే మేలు చేసేది 59వ సెక్షన్. జీతం చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. పే స్లిప్పు ముఖం చూడని బట్టల షాపు సేల్స్‌మన్‌కు, చేతిలో నగదు తీసుకునే హోటల్ కుర్రాడికి ఇది కొండంత అండ. వాళ్లు అక్కడ పనిచేశారని చూపించే ఆధారం ఏదైనా ఒకటి ఉంటే చాలు, యూపీఐలో వచ్చిన జీతం, షిఫ్టుల వాట్సాప్ గ్రూపు, యూనిఫాంలో ఫోటో.

మ్యాన్‌పవర్ ఏజెన్సీల ద్వారా పనిచేసేవాళ్లు అర్జీలో పే స్లిప్పు మీదున్న ఏజెన్సీ పేరుతో పాటు, తాము నిజంగా పనిచేసిన సంస్థ పేరు కూడా రాయాలి. యజమాని కట్టకపోతే ఆ సంస్థ సొంతదారు బాధ్యత వహించాలని 43వ సెక్షన్ అంటోంది. ఏజెన్సీ బోర్డు తిప్పేసినప్పుడు ఈ ఒక్క పేరే డబ్బు రాబడుతుంది. 'ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్తాం' అని నోటీసుల్లో రాయించేవాళ్లున్నారు. అక్కడ కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలి, ఒక్క ఉద్యోగి జీతానికి అది దారి కాదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో మరీ బాధ కలిగించేది ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోవడం. ప్రైవేటు ఇంజినీరింగ్, జూనియర్ కాలేజీల్లో లెక్చరర్ల దగ్గర, ఆసుపత్రుల్లో నర్సుల దగ్గర చేరేటప్పుడే డిగ్రీ పట్టాలు తీసుకుంటారు. మానేస్తామంటే ఆఖరి రెండు నెలల జీతం వదులుకుంటేనే పట్టా ఇస్తామంటారు. ఇన్నేళ్లు పనిచేస్తాం, లేదా సొమ్ము కడతాం అని రాసిచ్చే బాండ్ అన్నదే చెల్లదని కొందరు చెప్పే మాట నిజం కాదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్ల సర్వీసుకు పెట్టిన 2 లక్షల రూపాయల బాండ్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కానీ బాండ్ సొమ్ము కోసం సంస్థ తన దావా తాను వేసుకోవాలి. మనిషి చదువు కాగితాన్ని తాకట్టు పెట్టుకోవడానికి బాండ్ అధికారం ఇవ్వదు. చేరేటప్పుడు సర్టిఫికెట్లు ఇవ్వక తప్పకపోతే, ఏ కాగితం, ఏ నంబరు, ఏ తేదీన తీసుకున్నారో సంస్థ ముద్రతో రసీదు అడగండి. రసీదు ఇవ్వని చోట ఒరిజినల్ ఇవ్వొద్దు.

రిలీవింగ్ లెటర్‌ను కూడా ఇలాగే పట్టుకుంటారు. అది రాలేదని కొత్త ఉద్యోగం పోతుందన్న భయంతోనే చాలామంది తక్కువ సొమ్ముకు తలూపుతున్నారు. రాజీనామా ఆమోదించిన మెయిల్, ఆఖరి పే స్లిప్పు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 26ఏఎస్ (పన్ను జమల పత్రం) నాలుగూ కలిపి ఇచ్చి, పరిస్థితి వివరిస్తే కొత్త సంస్థల్లో చాలావరకు ఒప్పుకుంటాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ గడువులు కొత్త కాదు. కాలిఫోర్నియాలో 72 గంటల ముందు చెప్పి మానేస్తే ఆఖరి రోజే జీతం చేతికివ్వాలి. కావాలని ఆలస్యం చేస్తే ఆలస్యమైన ప్రతి రోజుకు ఒక రోజు జీతం చొప్పున, 30 రోజుల వరకు అదనంగా కట్టాలి. టెక్సస్‌లో మానేసినవాళ్లకు తర్వాతి జీతాల రోజుకు ఇస్తారు. దుబాయ్‌తో సహా యూఏఈలో ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లు విమానం ఎక్కకముందే అక్కడి బాకీ తేల్చుకోవాలి, ఇంటికొచ్చాక అడగడం చాలా కష్టం.

చివరగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలకు మా విన్నపం. 17వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద వేరే గడువు పెట్టే వెసులుబాటు ప్రభుత్వాలకు ఉంది. పెద్ద సంస్థలు దాని కోసం అడుగుతాయి. దయచేసి రెండు పనిదినాలను సాగదీయొద్దు. లెక్క తేలని పద్దు ఏదైనా ఉంటే దానికి మాత్రమే, అదీ కారణం రాతపూర్వకంగా చెప్పాకే, అదనపు గడువు ఇవ్వండి. ప్రతి జిల్లా కార్మిక కార్యాలయం గేటు దగ్గర, వేతన క్లెయిములు తీసుకునే అధికారి హోదా, గది నంబరు, అర్జీకి జతచేయాల్సిన కాగితాల జాబితా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. అర్జీ తీసుకున్న రోజే నంబరు వేసిన రసీదు ఇప్పించండి.

ఇట్లు,
పేరోల్, కార్మిక చట్టాల పని చూసే కొందరు పాఠకులు,
హైదరాబాద్